గొర్రెల నట్టల మందుకూ కీమో సూదికీ చుట్టరికం

మా అక్కవాళ్లది అచ్చంపేట దగ్గర చిన్న ఊరు. దసరా సెలవులకు నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా అక్కడికి పోయాను. పొలం దగ్గర వాళ్ల కొట్టం గోడకు ఒక గూడు ఉంది. ఇంటికి వచ్చిన ఏ మందైనా చివరికి ఆ గూట్లోకే చేరుతుంది. పిల్లల చేతికి అందేలా ఉందని సర్దబోతే మూడు వస్తువులు తగిలాయి. గొర్రెలకు పట్టగా సగం మిగిలిన నట్టల మందు డబ్బా, ఆల్బెండజోల్. పల్లి విత్తనాలకు పట్టించగా మిగిలిన కార్బెండజిమ్ పొట్లం. బావ వాళ్ల నాన్నకు బొటనవేలు వాచినప్పుడు వేసుకునే గౌట్ మాత్రల షీటు, కోల్చిసిన్.

"ఈ మూడూ ఒక్కచోట ఎందుకు పెట్టారు బావా?" అన్నాను.

"ఒకటి గొర్లది, ఒకటి ఇత్తనాలది, ఒకటి నాయినది. దేని పని దానిదే గదా బామ్మర్దీ" అన్నాడు.

కలిసిపోతే ప్రమాదం, ఆ సంగతి వేరే చెప్పాను. కానీ బావ మాటలో ఇంకో తప్పు ఉంది. ఆ మూడింటి పనీ ఒకటే. మూడూ పోయి పట్టుకునేది ట్యూబ్యులిన్ అనే ఒకే ప్రోటీన్‌ని. కొట్టం ముందు ఎవరూ నాటకుండానే మొలిచిన బిళ్ళగన్నేరు చెట్టులోంచి తీసే మందు కూడా దాన్నే పట్టుకుంటుంది. అరుగు మీద కూర్చుని అరికాళ్లు రుద్దుకుంటున్న మా చిన్నమ్మకు ఆ మధ్య హైదరాబాద్‌లో ఎక్కించిన కీమో మందు ప్యాక్లిటాక్సెల్‌దీ అదే దారి.

చిన్నమ్మ అడిగింది: "రొమ్ముల గడ్డకు మందు ఎక్కిచ్చిండ్రు, సరే. కాళ్లెందుకు మొద్దుబారినయిరా? ఇసుకల నడిచినట్టే ఉంటది."

సైడ్ ఎఫెక్ట్ అని చెప్పి పంపించారట. అది నిజమే, కానీ జవాబు కాదు. జవాబు కావాలంటే కణం లోపలికి పోవాలి.

ఇంటర్ పిల్లలకు బయాలజీ చెప్పి బతికేవాణ్ణి నేను. పుస్తకంలో కణం బొమ్మ కోడిగుడ్డు పగలగొట్టి పళ్లెంలో పోసినట్టు ఉంటుంది. మధ్యలో కేంద్రకం, చుట్టూ జావ, ఆ జావలో అక్కడక్కడా తేలే మైటోకాండ్రియాలు. ఒక మూల "కణ అస్థిపంజరం, అంటే సైటోస్కెలిటన్: కణానికి ఆకారాన్ని, ఆధారాన్ని ఇస్తుంది" అని నాలుగు ముక్కలు. రెండు మార్కుల ప్రశ్న. నేనూ చాలా ఏళ్లు అంతే చెప్పి దాటేశాను. తప్పు చేశానని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ పేరే మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

కణానికి దాని ఆకారం ఇచ్చే గట్టి తంతువులేవో లోపల ఉండి ఉండాలని రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ కోల్త్సోవ్ 1903లోనే ఊహించాడు. 1931లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వింత్రెబేర్ 'సైటోస్కెలిటన్' అనే మాట పుట్టించాడు. పేరు ఉంది, వస్తువు మాత్రం సరిగ్గా కళ్లబడలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక కూడా చాలా ఏళ్లు ఇదే పరిస్థితి. కారణం తమాషాగా ఉంటుంది. కణాన్ని మైక్రోస్కోపు కింద పెట్టే ముందు చల్లబరిచి, రసాయనాల్లో ముంచి, ఉన్నది ఉన్నట్టు బిగదీయాలి. ఆ చలికీ, అప్పటి రసాయనాలకూ ఈ నిర్మాణాలు ఊడిపోయేవి. చూడ్డానికి చేసే ఏర్పాటే చూడాల్సినదాన్ని చెరిపేసేది. 1963లో గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో, మామూలు వేడిలోనే కణాన్ని బిగించే పద్ధతి వచ్చాక సన్నటి గొట్టాలు బారులు బారులుగా కనిపించాయి. వాటికే మైక్రోట్యూబ్యూల్స్ అని పేరు పెట్టారు, మన పుస్తకాల్లో సూక్ష్మనాళికలు.

ఐస్‌లో పెడితే విడిపోయి, వేడి తగలగానే మళ్లీ కట్టుకునే దాన్ని ఎముకల గూడు అంటే ఎలా కుదురుతుంది? నన్నడిగితే టెంట్ హౌస్ సామాను అంటాను. గుంజలు, తాళ్లు, కొక్కేలు ఉంటాయి. పొద్దున పెళ్లికి వేసిన పందిరి సాయంత్రానికి విప్పి ఇంకో వాడలో ఇంకో కొలతతో వేస్తారు. సామాను అదే, పందిరి మాత్రం ప్రతిసారీ వేరే. కణం చేసేదీ అదే. కాకపోతే గంటల్లో కాదు, నిమిషాల్లో.

ఇందులో మూడు రకాల సామాను ఉంది. అన్నిటికన్నా లావుది మైక్రోట్యూబ్యూల్, అడ్డకొలత 25 నానోమీటర్లు. మన వెంట్రుక మందంలో ఇలాంటివి 3,000 దాకా పక్కపక్కనే పడతాయి. అన్నిటికన్నా సన్నంది ఆక్టిన్ తంతువు, 7 నానోమీటర్లు. రెండింటికీ నడుమ 10 నానోమీటర్ల మాధ్యమిక తంతువులు.

మాధ్యమిక తంతువుల సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే వీటికి మన కథలో పాత్ర తక్కువ. మనం చెప్పుకుంటున్న మందులేవీ వీటి జోలికి పోవు. కెరటిన్ ఈ రకానిదే. పోగుకు పోగు పేని, పేనినవాటిని మళ్లీ పేని మోకు చేసినట్టు ఉంటుంది దీని తయారీ. చర్మం కణాలు లాగినా సాగినా చినగకుండా పట్టి ఉంచేది ఇదే. ఈ కెరటిన్ జన్యువుల్లో తప్పుతో పుట్టిన పిల్లలకు కాస్త రాపిడి తగిలినా చర్మం బొబ్బలెక్కుతుంది. మన వెంట్రుకలు, గోళ్లు, గొర్రె ఉన్ని అన్నీ చచ్చిపోయిన కణాల్లో మిగిలిన కెరటినే. పాలమూరు కురుమలు నేసిన గొంగడి భుజాన వేసుకున్నాయన నిజానికి గొర్రె సైటోస్కెలిటన్‌నే కప్పుకుని తిరుగుతున్నాడు. మూడింటిలో అస్థిపంజరం అనే పేరుకు కొంచెమైనా తగింది ఇదొక్కటే.

ఆక్టిన్ వేరే బాపతు. 1942లో హంగరీలోని సెగెడ్‌లో స్ట్రాబ్ అనే ఆయన దీన్ని కండలోంచి వేరుచేశాడు, అందుకని చాలాకాలం ఇది కండ సరుకే అనుకున్నారు. తర్వాత చూస్తే దాదాపు మన ప్రతి కణంలోనూ ఉంది. ముల్లు గుచ్చుకున్న వేలికి తెల్ల రక్తకణం పాక్కుంటూ వస్తుందే, దాన్ని నడిపేది ఆక్టిన్. ముందువైపు పోగులు పుట్టుకొచ్చి కణం పొరను ముందుకు తోస్తాయి. వెనకవైపు పోగులు విడిపోయి, ఆ ముక్కలే మళ్లీ ముందుకు చేరతాయి. చేతిలో పది పలకలే ఉన్న మనిషి వెనక పలక తీసి ముందు వేసుకుంటూ బురద దాటినట్టు. ఒక కణం రెండయ్యేటప్పుడు చివరి పని కూడా దీనిదే. నడుము చుట్టూ ఆక్టిన్, దాన్ని లాగే మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ కలిసి ఒక వలయం కట్టి బిగిస్తాయి, ముసలోళ్ల వక్కాకు తిత్తికి దారం లాగితే మూతి ముడుచుకున్నట్టు. తెగితే రెండు కణాలు.

ఇక గూట్లోని మందుల దగ్గరికి, అంటే మైక్రోట్యూబ్యూల్ దగ్గరికి వద్దాం. ట్యూబ్యులిన్ జంటగా తిరిగే ప్రోటీన్, ఆల్ఫా ఒకటి, బీటా ఒకటి. జంట పొడవు 8 నానోమీటర్లు. ఇవి ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వరస అవుతాయి. మామూలుగా ఇలాంటి 13 వరసలు గుండ్రంగా చేరితే గొట్టం. చాలా కణాల్లో ఈ గొట్టాల మొదలు కేంద్రకం పక్కన ఉంటుంది, కొసలు కణం అంచువైపు పెరుగుతాయి.

ఇక్కడే అసలు మెలిక. కొత్తగా వచ్చి చేరే ప్రతి జంటా జీటీపీ అనే శక్తి అణువును పట్టుకుని వస్తుంది. చేరిన కాసేపటికి అది ఖర్చయి జీడీపీ అవుతుంది. జీడీపీతో ఉన్న జంటకు నిటారుగా నిలబడటం ఇష్టం ఉండదు, బయటికి వంగిపోవాలని చూస్తుంది. కొసన తాజా జంటలు టోపీలా ఉన్నంతసేపూ కింద ఉన్నవాటిని వంగనివ్వవు. పేర్పు ఆలస్యమై టోపీ ఊడిందా, గొట్టం కొస అరటితొక్క ఒలిచినట్టు విచ్చుకుని గబగబా కూలిపోతుంది. మళ్లీ తాజా జంటలు దొరికితే పెరుగుతుంది. పెరగడం, కూలడం, పెరగడం. పక్కనే ఉన్న రెండు గొట్టాల్లో ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి కూలుతుండవచ్చు. 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ దీన్ని పట్టుకున్నారు. డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ అని పేరు పెట్టారు. నిలకడ లేకపోవడమే దీని పని తీరు అన్నమాట.

కట్టింది కూల్చడానికి ఇంత శక్తి తగలేయడం ఎందుకు? నాకు అర్థమైంది మా నల్లగొండ బోర్లను తలుచుకున్నాకే. ఒకే చెల్కలో పది బోర్లు వేసిన రైతులు మా వైపు ఉన్నారు. భూమిలో నీళ్లెక్కడున్నాయో కనబడదు. ఒకచోట వేస్తారు, పడకపోతే ఇంకోచోట. కణం రెండుగా చీలే ముందు సరిగ్గా ఇదే ఇబ్బందిలో ఉంటుంది. మనిషి కణంలో 46 క్రోమోజోములు, ప్రతిదానికీ ఒక నకలు. అసలు ఒకవైపుకీ నకలు ఇంకోవైపుకీ లాగాలి. గొట్టాలకు కళ్లు లేవు. ఏదో ఒక దిక్కుకు పెరుగుతాయి, క్రోమోజోము తగలకపోతే కూలిపోతాయి, ఇంకో దిక్కుకు పెరుగుతాయి. తగిలితే పట్టుకుని ఆగుతాయి. ఈ వెతుకులాట సమయంలో ఒక్కో గొట్టం ఆయుష్షు నిమిషం కూడా ఉండదు. అన్ని క్రోమోజోములూ సరిగ్గా పట్టుబడేదాకా కణం చీలిక పని ముందుకు పోనివ్వదు. ఒక్క తేడా ఉంది. మన రైతుకు ఎండిన బోరుతో పెట్టుబడి పోయినట్టే, కణానికి మాత్రం పైపులన్నీ ముక్కలుగా తిరిగి చేతికొస్తాయి.

ఇప్పుడు మందులు. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు, మనం ఎప్పుడో మనదే అనుకున్నాం. ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందని మన ఊళ్లలోనే కాదు, జమైకాలోనూ అనుకునేవారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ సంగతి తేల్చుకుందామని ఎలుకలకు ఎక్కించారు. షుగర్ సంగతేమో గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్ల కణాలు మితిమీరి పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కు ఇది పనికొస్తుందేమో అన్న ఆలోచన అక్కణ్నుంచి నడిచింది. అలా విన్‌బ్లాస్టిన్, దాని వెనకే విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల ల్యుకీమియాకు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. (టన్నుల కొద్దీ ఆకులోంచి గ్రాముల లెక్కన తీసే సరుకు ఇది, దానికి కొలత ఉంది. పెరట్లో ఆకు నమలడానికీ దీనికీ సంబంధం లేదు, నమలొద్దు.) ఇది ట్యూబ్యులిన్‌ని పట్టుకుని గొట్టం పెరగనివ్వదు.

ప్యాక్లిటాక్సెల్ సంగతి ఇంకో తీరు. అమెరికాలో పెరిగే పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులోంచి దీన్ని తీసినవాళ్లు మన్రో వాల్, మన్సుఖ్ వాని. వాని మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టి, బొంబాయిలో చదివి పోయినాయన. మందు నిర్మాణాన్ని వాళ్లు 1971లో ప్రకటించారు. అదెలా పనిచేస్తుందో 1979లో సుసాన్ హార్విట్జ్ తేల్చింది. అందరూ ఇంకో విషం, ఇదీ గొట్టాల్ని కట్టనివ్వదేమో అనుకున్నారు. చూస్తే తిరగబడింది. ఇది గొట్టాల్ని కూలనివ్వదు. కట్టినవి కట్టినట్టే గడ్డకట్టుకుపోతాయి.

ఒకటి కట్టనివ్వదు, ఒకటి కూలనివ్వదు. రెండింటి కిందా కణం చచ్చేది అదే చావు. గొట్టాల వెతుకులాట సాగదు, క్రోమోజోములు సరిగ్గా పట్టుబడవు, చీలిక మధ్యలో ఇరుక్కుంటుంది లేదా తప్పుగా చీలుతుంది. అస్థిపంజరం అన్న పేరు నిజమైతే, దాన్ని ఇంకా గట్టిపరిచే మందు కణానికి మేలు చెయ్యాలి కదా. ఈ ఒక్క ముక్క క్లాసులో చెప్పి ఆగితే చాలు, పిల్లలు తలెత్తి చూస్తారు.

మామ గౌట్ మాత్రది ఇంకా పాత కథ. కోల్చిసిన్ మన నల్లమలలో వానాకాలం పూసే అడవినాభి గడ్డలో, విత్తనాల్లో కూడా ఉంటుంది. ఎర్రటి పసుపుపచ్చటి రేకులు మంటలా పైకి లేచి ఉండే తీగ, తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. చూడ్డానికి ఎంత బాగుంటుందో అంత విషం. వందల ఏళ్లుగా వాడుకలో ఉన్న ఈ విషాన్నే గాలంగా వేసి, 1967లో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ అది దేనికి అతుక్కుంటుందో వెతికారు. గాలానికి పడిన ప్రోటీన్‌కే మరుసటి ఏడాది ట్యూబ్యులిన్ అని పేరొచ్చింది. అంటే మందు ముందు, అది పనిచేసే చోటు తర్వాత. మామ బొటనవేలి కీలులో యూరిక్ యాసిడ్ ముళ్లలా పేరుకున్నప్పుడు తెల్ల రక్తకణాలు దాని మీదికి ఎగబడతాయి, వాపూ మంటా వాటి గొడవే. తక్కువ మోతాదు కోల్చిసిన్ ఆ కణాల గొట్టాల్ని సడలించి గుంపును ఆపుతుంది.

ఇంతకూ నట్టల మందు తాగిన గొర్రె ఎందుకు చావదు? ట్యూబ్యులిన్ అన్ని జీవుల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ 'దాదాపు'లోనే కిటుకు ఉంది. ఆల్బెండజోల్ నట్ట ట్యూబ్యులిన్‌కి గట్టిగా అతుక్కుంటుంది, గొర్రెదానికి అంత పట్టు ఉండదు. నట్ట పేగు కణాల్లో గొట్టాలు పోతాయి, తిన్నది ఒంటికి పట్టదు, ఆకలితో చస్తుంది. కార్బెండజిమ్ కూడా ఆల్బెండజోల్ వంశమే, అదీ బెంజిమిడజోల్ జాతే. పల్లి విత్తనాన్ని కుళ్లబెట్టే బూజు కణం చీలకుండా ఆపుతుంది. సూడి కట్టిన తొలి నెలలో గొర్రెకు ఆల్బెండజోల్ పట్టొద్దని పశువుల డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. తల్లికి ఏమీ కాకపోవచ్చు, కడుపులో పిండం కణాలు మాత్రం రాత్రీ పగలూ చీలుతుంటాయి.

"ఈ మందుకు ఇప్పుడు నట్టలు పడుతలేవు" అని బావ అంటుంటాడు. కల్తీ అని ఆయన అనుమానం. ఉండొచ్చు, కానీ ఇంకో కారణమూ ఉంది. గొర్రె కడుపులో రక్తం తాగే హీమాంకస్ అనే నట్టలో బీటా ట్యూబ్యులిన్ అనే అమైనో ఆమ్లాల దండలో 200వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందుకు పట్టు దొరకదు. కార్బెండజిమ్‌కు లొంగని బూజుల్లో ఎక్కువగా మారేది 198వ స్థానం. ఒకటి జంతువు, ఒకటి బూజు. తప్పించుకున్న దారులు రెండడుగుల ఎడంలో ఉన్నాయి.

ఇప్పుడు చిన్నమ్మ కాళ్లు. క్యాన్సర్ కణం చీలుతుంది, మందు దాన్ని ఆపుతుంది. జుట్టు కుదుళ్ల కణాలూ చీలుతాయి, అందుకే జుట్టు రాలింది. నరాల కణాలు చీలవు కదా, వాటికేమైంది?

గొట్టాలకు చీలికతో పని లేని ఇంకో ఉద్యోగం ఉంది. అవి రోడ్లు. కాలి బొటనవేలి స్పర్శను చేరవేసే నరకణం ఒళ్లు నడుము దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. దాని తోక వేలి దాకా పోతుంది, సుమారు మీటరు. ఆ కణం ఒంటిని నల్లగొండ బత్తాయంత పెద్దది చేశామనుకోండి, అదే లెక్కన తోక మా క్లాక్ టవర్ సెంటర్ నుంచి కిలోమీటరున్నర దాకా పోతుంది. తోక కొసకు కావలసిన సరుకులో చాలా భాగం తయారయ్యేది ఆ కణం ఒంట్లోనే. అక్కడికి మోసుకుపోవాలి.

మోసేది కైనెసిన్. 1985లో స్క్విడ్ నరంలో దొరికింది. రెండు కాళ్లున్న ప్రోటీన్, నెత్తిన మూటతో గొట్టం మీద నిజంగానే నడుస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ బస్తాతో పలక మీద నడిచినట్టు ఒక కాలు ఆనించి ఇంకో కాలు ఎత్తుతుంది. ఒక అడుగు 8 నానోమీటర్లు, సరిగ్గా ఒక ట్యూబ్యులిన్ జంట పొడవు. అడుగుకు ఒక ఏటీపీ కూలి, అదీ జీటీపీ లాంటి శక్తి అణువే. మీటరు దూరానికి 12 కోట్ల 50 లక్షల అడుగులు. ఒక్కటే అంత దూరం నడవదు, మధ్యలో జారిపోతుంది, ఇంకొకటి అందుకుంటుంది. నరాల్లో వేగంగా పోయే సరుకు రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు పోతుంది. అంటే బాగా నడిస్తే మూడో రోజుకు బొటనవేలు. వెనక్కి మోసేది డైనీన్ అనే ఇంకో హమాలీ.

ప్యాక్లిటాక్సెల్ తగిలాక రోడ్లు మాయం కావు, కట్టలు కట్టలుగా బిగుసుకుపోతాయి. మోత నెమ్మదిస్తుంది. నరంలోని మైటోకాండ్రియాలూ దెబ్బతింటాయి. సరుకు అందక మొదట ఇబ్బంది పడేది అన్నిటికన్నా దూరపు ఊరు. అందుకే తిమ్మిరి కాలివేళ్లలో మొదలవుతుంది, తర్వాత చేతివేళ్లు. మేజోళ్లు, గ్లౌజులు తొడుక్కునేంత మేర మొద్దుబారుతుంది. మందు కాళ్లను వెతుక్కుంటూ పోలేదు. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు రోడ్లు ఉన్నది అక్కడికే.

గొట్టాలను రోడ్లుగానే కాదు, పనిలో దారి చూపే గీతల్లా వాడుకునే కణాలూ ఉన్నాయి. మన పత్తి పోగు ఒకే కణం, గింజ మీద మొలిచి మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. దాని గోడలో సెల్యులోజు ఏ వాలున పరుచుకోవాలో లోపలి మైక్రోట్యూబ్యూల్స్ చెబుతాయి. ఇది చిన్నమ్మకు చెప్పలేదు, అప్పటికే ఆమెకు నా మీద విసుగొచ్చింది.

"మరి ఎప్పుడు తగ్గుతది, అది చెప్పు" అంది.

అందరికీ ఒకేలా తగ్గదని, కొందరికి కొంత మిగిలిపోతుందని ముందే చెప్పాను. చాలామందికి నెలల మీద నెమ్మదిస్తుంది. కొస ఎండిపోయిన నరం మళ్లీ పెరిగేది దాదాపు రోజుకు ఒక మిల్లీమీటరు. కొత్త ట్యూబ్యులిన్ తోక వెంబడి నడిచే వేగం కూడా దగ్గరదగ్గర అంతే. కైనెసిన్ మూటలు పరిగెత్తుతాయి గానీ రోడ్డుకు కావలసిన కంకర మాత్రం ఎడ్లబండి మీదే వస్తుంది.

చిన్నమ్మ కుడికాలు అరుగు మీదికి లాక్కుని చీలమండ నుంచి బొటనవేలి దాకా జానతో కొలిచింది. సరిగ్గా జానెడు.

"ఇది ఎన్ని మిల్లీమీటర్లురా?"

"రెండు వందలు దాటుతుంది చిన్నమ్మా."

వేళ్ల మీద నెలలు లెక్కేసింది. "అంటే మామిడిపండ్లొచ్చేదాంక. సరే, గందాంక చెప్పులు ఇడువ" అని అరుగు దిగింది. కాలికి చెప్పు తగిలిందో లేదో తెలియదు కాబట్టి, వంగి చూసుకుంటూ ఒక్కో కాలూ దాంట్లో పెట్టింది.